అద్దపు తొట్టిలోని సంసారము

నల్లగొండ పట్టణమునుండి పానగల్లునకు పోవు దారికి చేరువనున్న ఒక యింట, నడవలో గోడవారగా ఒక అద్దపు తొట్టి కలదు. దాని పొడవు రెండడుగులు. వెడల్పును ఎత్తును అడుగు చొప్పున నుండును. అందు పట్టు నీరు సుమారు 56 లీటర్లు. ఆ తొట్టిని పట్టుపట్టి కొనిపించుకొన్నవాడు ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ యింటి బాలుడు. దాని యెదుట పగలెల్ల కూర్చుండువాడు మాత్రము అతని తాత.

బాలుడు దానిని ఎత్తయిన బల్లమీద, వచ్చిపోవువారందరికి కనబడునట్లు పెట్టదలచెను. తల్లి యొప్పుకొనలేదు. “తాతకు కనబడవలదా?” అనెను. కావున తొట్టిని ఒక పొట్టి పీటమీద నుంచిరి. ఏలయన, ఆ వృద్ధుడు తల యెత్తి చూడజాలడు. మెడ ప్రక్కకు తిరుగదు. ఎవరైన పిలిచినచో మొత్తము శరీరమునే తిప్పుకొని చూడవలసియుండును. నడుము ముందునకు వంగి, కొడవలివలె బిగిసిపోయినది.

ఆయన స్వగ్రామము మర్రిగూడెము వైపుది. ఆ ప్రాంతమంతయు గ్రానైటు రాతినేల. ఆ రాతిలో ఫ్లోరిన్ కలిసిన ఖనిజములు కలవు. భూగర్భజలము ఆ రాళ్లలో చిరకాలము నిలిచి, వానిని కొద్దికొద్దిగా కరగించుకొని, బావులలోనికి ఊరును. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము. అంతకు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో ముందు పండ్లు గారపట్టును; పిదప కీళ్లు బిగియును; తుదకు వెన్నెముక వంగును. మన దేశములో ఈ వ్యాధి సంగతి మొదట 1937లో, నాటి మద్రాసు రాష్ట్రమందలి నెల్లూరు జిల్లా పల్లెలనుండి వెలువడినది. కాని దేశమంతట దానికి పేరు పడినది నల్లగొండవలననే. పటికను సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చు ఒక పద్ధతిని 1970 దశకములో నాగపూరునందలి జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించి, దానికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు పెట్టిరి. ఊరి పేరు ఇట్లు లోకమున కెక్కుట గౌరవమో దుఃఖమో చెప్పుట కష్టము. 1996లో జరిగిన లోకసభ యెన్నికలలో, తమ నీటి బాధ దేశమునకు తెలియవలెనని, నల్లగొండ నియోజకవర్గమున 480 మంది అభ్యర్థులు నిలిచిరి. ఓటు వేయు కాగితము ఒక పుస్తకమైనది! అటుపిమ్మట కృష్ణాజలము పట్టణమునకు వచ్చినది. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకముతో పల్లెలకును నల్లానీరు చేరసాగినది. తాత నడుమునకు మాత్రము అది ఆలస్యమైనది.

ఇక చేపల సంగతి. సంక్రాంతి సెలవులకు బాలుడు పాలమూరులోని మేనమామ యింటికి పోయినప్పుడు, పెరటిలోని హౌజులో వ్రేలి కొసయంత చేపలు గుంపులుగా తిరుగుచుండుట చూచెను. మగచేపలు చిన్నవి, వాని తోకలు నెమలి పురివలె రంగురంగులుగా నుండెను. ఆడచేపలు వానికంటె పెద్దవి, బూడిదవన్నెవి. దోమల బాధ తగ్గునని మేనమామ కొన్నియేండ్ల క్రిందట నాలుగు చేపలను తెచ్చి వదలెనట. అవియే అంతయైనవి.

వీనిని గప్పీ లందురు. వీని పుట్టినిల్లు దక్షిణ అమెరికా ఉత్తరభాగమును, దాని నంటియున్న ట్రినిడాడు ద్వీపమును. 1859లో పీటర్సు అను జర్మను శాస్త్రజ్ఞుడు వీనిని మొదట వర్ణించెను. కాని 1866లో ట్రినిడాడునందుండిన రాబర్ట్ గప్పీ పంపిన చేపలను లండనులో చూచినవారు, ఇది క్రొత్త జాతి యనుకొని అతని పేరు పెట్టిరి. పొరపాటు తరువాత తెలిసినది. శాస్త్రములో పేరు మారినది. లోకుల నోట గప్పీ యను మాట మాత్రము నిలిచిపోయినది. దోమపిల్లలను తినుట వీనికి ఇష్టము. సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న పిదప, దోమను చంపు ఉపాయములకై లోకమంతయు వెదకసాగినది గదా. ఆ వెదకులాటలోనే గప్పీలు మన దేశమునకు చేరినవి. వీని బంధువైన గంబూసియా చేప 1928లో ఇటలీనుండి వచ్చినది. రెండింటి విశేషము ఒక్కటే: అవి గ్రుడ్లు పెట్టవు. గ్రుడ్లు తల్లి కడుపులోనే పొదిగి, ఈదగల పిల్లలై బయటపడును.

బాలుడు నాలుగు మగచేపలను, ఎనిమిది ఆడచేపలను మూతగల చిన్న బిందెలో వేసికొని, జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండల మీదుగా బస్సులో నల్లగొండ చేరెను. దారిపొడవున బిందెను ఒడిలోనే పెట్టుకొనెను. ఇంటికి వచ్చిన సాయంకాలమే తొట్టి నింపవలసి వచ్చెను. త్రాగునీటిని చేపలకు పోయనీయనని తల్లి చెప్పుటచే, పెరటిలోని బోరునీటిని తోడి నింపెను. నీరు స్ఫటికమువలె నుండెను. అడుగున కడిగిన యిసుక, రెండు నున్నని రాళ్లు, పన్నెండు చేపలు. ఇరుగుపొరుగు పిల్లలందరు వచ్చి చూచిరి. వచ్చిన ప్రతివాడును చిటికెడు మేత వేసిపోయెను.

నాలుగవ దినమున ఒక మగచేప వెల్లకిల తేలెను. మరునాడు రెండు ఆడచేపలు నీటిపైకి నోరు తెరచి, మొప్పల నెగురవేయుచు, చీకటిపడునప్పటికి చచ్చిపోయెను. ఎనిమిది దినములలో ఏడు చేపలు పోయినవి. బాలుడు అన్నము సరిగా తినలేదు.

“నీళ్లు చూచితివా, బిడ్డా?” అని తాత అడిగెను.

“తేటగనే ఉన్నవి, తాతా.”

“మా ఊరి బావినీళ్లు గూడ తేటగనే ఉండేవి.”

ఆయన అంతకుమించి ఏమియు అనలేదు. బోరునీటిలోని ఫ్లోరైడే చేపలను చంపినదని ఆయన నమ్మకము. ఆ యూహకు ఆధారము లేకపోలేదు. ఆ ఆధారమును ఆయన తన శరీరముననే మోయుచుండెను. బాలుడు మరునాడు బడిలో సామాన్యశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుని అడిగెను. ఆయన కొంతసేపు ఆలోచించి, “పాలమూరు హౌజులోనిది ఏ నీరు?” అనెను.

“అదియు బోరునీరే, సార్.”

“అక్కడ వృద్ధిపొందిన చేపలు ఇక్కడ అటువంటి నీటిలోనే వారము తిరుగకుండ ఏల చచ్చును? తప్పు బోరుది కాదు, తొట్టి క్రొత్తది.”

ఆయన చెప్పిన సంగతి ఇది. చేప తన మొప్పలద్వారా అమ్మోనియాను విడుచును. తినక మిగిలిన మేత క్రుళ్లినను అమ్మోనియాయే పుట్టును. చెరువులోను, పాత హౌజులోను రాళ్లకు, పాచికి అంటుకొని కంటికి కనబడని సూక్ష్మజీవులు కాపురముండును. వానిలో ఒక తెగ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేరొక తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది అంత హాని చేయదు, మొక్కల కాహారమగును. క్రొత్త తొట్టిలో ఈ రెండు తెగలును ఉండవు. అవి వచ్చి స్థిరపడుటకు నెల మొదలు నెలన్నర పట్టును. అంతవరకు చేపలు తమ మలినములోనే తాము మునిగియుండును. నీరు చూచుటకు మాత్రము తేటగనే యుండును. మన ప్రాంతపు నీటిలో క్షారగుణ మెక్కువ. ఆ గుణము గప్పీలకు హితమే. కాని క్షారము హెచ్చినకొలది అమ్మోనియా మరింత విషమగును. వేడి దానికి తోడగును.

“మరి ఫ్లోరైడు మాట?” అని బాలుడు విడువక అడిగెను.

“గప్పీ బ్రతుకు రెండు మూడేండ్లు. మీ తాత ఆ నీటిని ఎన్నియేండ్లు త్రాగెనో లెక్కవేసి చూడుము” అని ఉపాధ్యాయుడు చెప్పెను.

బాలుడు ఇంటికి వచ్చి ఈ మాటలన్నియు తాతకు చెప్పెను, చివరి మాట తప్ప.

మిగిలిన ఐదు చేపలను దక్కించుకొనుటకు చేసిన పని పెద్దది కాదు గాని ఓపికతో కూడినది. దినమున కొకమారు, అదియు రెండు నిమిషములలో తినగలిగినంత మేత మాత్రమే వేసిరి. ప్రతిదినము నాలుగవవంతు నీటిని తోడి మొక్కలకు పోసి, అంత నీటిని మరల నింపిరి. మేనమామ ఒక సంచిలో హౌజులోని గులకరాళ్లను, తడియారని నాచును కట్టి, ఎవరిచేతనో బస్సులో పంపెను. ఆ రాళ్లతోపాటు సూక్ష్మజీవులును పాలమూరునుండి నల్లగొండకు కాపురము వచ్చినవన్నమాట. తాత ఒక్కొక్క దినమునకు ఒక్కొక్క చింతగింజను తొట్టిప్రక్క ముంతలో వేయసాగెను. నలుబది గింజలు పడునప్పటికి అద్దముల లోపలివైపు సన్నని ఆకుపచ్చని పొర కనబడినది. చేపలు మొప్పలు బిగబట్టక, నెమ్మదిగా, అడుగునుండి పైకి, పైనుండి అడుగునకు తిరుగుచుండెను. చావు ఆగినది.

బ్రతికినవి నాలుగు ఆడచేపలును ఒక మగచేపయును.

ఆడచేప కడుపుచివర ఒక నల్లని మచ్చ యుండును. గర్భము పెరిగినకొలది ఆ మచ్చ పెద్దదై నల్లబడును. పొట్ట బుర్రకాయవలె ఉబ్బును. సుమారు నాలుగు వారములకు ప్రసవమగును. ఈ సంగతి పుస్తకములో చదివినవాడు బాలుడు. దానిని కన్నులార చూచినవాడు తాత. ఉగాది దాటిన పిమ్మట ఒక ఉదయమున, బాలుడు బడికి బయలుదేరుచుండగా, “బిడ్డా! చేప ఈనుచున్నది, రా!” అని ఆయన కేక వేసెను.

మన భాషలో ఆవు ఈనును, మేక ఈనును, పొలములో వరియు ఈనును. చేప ఈనెనను మాట మాత్రము ఆ యింట అదే మొదటిసారి వినబడినది. తల్లి చేతిలోని గరిటెతోనే వంటయింటినుండి వచ్చెను.

పెద్ద ఆడచేప నాచుమొక్కల చాటున కదలక నిలిచియుండెను. కొంతసేపటికి దాని క్రిందినుండి ఒక చిన్న ముద్ద జారినది. ఆవగింజంత కన్నులు రెండు, మడిచిన దారపుపోగువంటి ఒడలు. అది ఇసుకను తాకకముందే విప్పుకొని, తోక ఆడించి, నాచులోనికి దూరినది. తరువాత మరియొకటి. పుట్టిన క్షణముననే ఈత! మూడవది విప్పుకొనుచుండగా తల్లిచేప వెనుకకు తిరిగి దానిని మ్రింగినది.

బాలుడు “అయ్యో!” అని అద్దముమీద చేతితో కొట్టెను.

“కొట్టకు, బెదరును” అనెను తాత. కొంత తడవు ఊరకుండి, తన చిన్ననాటి ముచ్చట నొకదానిని చెప్పెను. ఊరి చెరువులో కొర్రమట్ట పిల్లలు ఎర్రగా, గుంపుగా, నీటిపైన ఉడుకుచున్నట్లు కదలుచుండెడివి. వాని క్రింద తల్లియో తండ్రియో కావలి కాయుచుండెడిది. కప్ప దరికి వచ్చినను మీదికి దూకెడిది. పిల్లలను విడిచి పోదు గనుకనే చేపలు పట్టువారికి సులభముగా దొరికెడిది. “దానిని పట్టి తెచ్చి వండుకొని తింటిమి గాని, పిల్లలేమైనవని ఎన్నడును అడుగలేదు” అనెను. తెలంగాణ రాష్ట్రమునకు ఆ చేపయే రాష్ట్రపు చేప యని బాలుడు బడిలో చదివియుండెను. ఇట్టి సంగతి ఆ పాఠములో లేదు.

గప్పీకి తన పిల్ల యనియు, దోమపిల్ల యనియు భేదము లేదు. నోటికి పట్టునంత పరిమాణమున కదలునది ఏదైనను అది తినును. దానిని నిందించుట దండుగ. పిల్లలకు దాగుటకు చోటు కల్పించుటయే చేయదగినది. నాచును మరింత దట్టముగా వేసిరి. ఆనాడు తాత ఇరువది మూడు పిల్లలను లెక్కపెట్టెను. బాలుడు పందొమ్మిదే యనెను. లెక్క తేలలేదు, ఏలయన రెండు కన్నులును ఒకేచోట నిలుపగల ఓపిక ఆ యింట ఒక్క తాతకే కలదు. ఉడికించిన గ్రుడ్డులోని పచ్చసొనను నలిపి, సూదిమొనయంత పిల్లలకు వేయుచుండిరి. వారమునకు పదునాలుగు మిగిలినవి.

వేసవి వచ్చినది. నల్లగొండ వేసవి యెట్టిదో ఎరుగనివారికి చెప్పినను తెలియదు. ఎండకు నీరు వేడెక్కినచో అందలి ప్రాణవాయువు తగ్గును. ఆవిరియై పోయినకొలది మిగిలిన నీటిలో ఉప్పులు చిక్కబడును. తొట్టిపైన తడిగుడ్డ కప్పిరి. పోయిన నీటికి బదులు మరల బోరునీటినే పోసినచో ఉప్పులు ఇంకను పెరుగునని, మూత లేని కుండలో రెండుదినము లుంచి క్లోరిను పోగొట్టిన నల్లానీటిని తల్లియే ఇచ్చెను. త్రాగునీటిని చేపలకు పోయనన్న తల్లి! ఆ నెలలోనే ఒక రాత్రి గుడ్డ తొలగియుండగా మగచేప ఎగిరి బయటపడెను. తెల్లవారునప్పటికి గచ్చుమీద ఎండిపోయి చీమలు పట్టియుండెను.

ఇక పిల్లలు పుట్టవని బాలుడు అనుకొనెను. కాని జూన్ నెలలో ఒక ఆడచేప ఈనెను, జూలైలో మరియొకటి. ఆడ గప్పీ ఒకమారు మగచేపతో కలిసిన పిదప ఆ బీజమును తన శరీరములో నెలల తరబడి దాచుకొని, ఒకదాని వెంట ఒకటిగా పలుకాన్పులు కనగలదని ఉపాధ్యాయుడు చెప్పెను. చచ్చిపోయిన తండ్రికి ఆగస్టువరకు పిల్లలు పుట్టుచుండిరి. అప్పటికి ఉగాదినాటి పిల్లలును ఎదిగి పిల్లలను కనసాగెను. దసరానాటికి తాత లెక్కపెట్టుట మానెను. తొట్టినిండ తోకలే. నీరు మరల మసకబారసాగెను. ఎంత తోడినను రెండు దినములకే ఉదయమున చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను.

ఒక ఆదివారమున బాలుడు సగము చేపలను డబ్బాలో పట్టి, పానగల్లు చెరువునకు బయలుదేరెను. నీటిజీవమును నీటిలో వదలుట పుణ్యమని తల్లి యనెను. ఆ చెరువు సామాన్యమైనది కాదు. కందూరు చోడుల కాలమున త్రవ్వించిన ఉదయసముద్రమిది. ఇప్పుడు కృష్ణాజలము దీనిలోనికి వచ్చి నిలిచి, పట్టణమునకు త్రాగునీరగుచున్నది. కట్టమీద నిలుచున్నచో ఆవలి యొడ్డు పలుచని గీతవలె నుండును.

కట్టక్రింద ఒక వృద్ధుడు వల ఆరబెట్టుకొనుచుండెను. డబ్బాను చూచి, “ఏమున్నవి, బిడ్డా?” అని అడిగెను. బాలుడు మూత తీసి చూపెను. వృద్ధుడు డబ్బాను వెలుగునకు ఎత్తి చాలసేపు చూచెను.

“ఇవి మన చెరువువి కావు.”

“దోమలను తినును.”

“దోమలనే తినునా? మా పరిగెపిల్లలను తినవా?”

బాలునికి తన తొట్టిలోని తల్లిచేప జ్ఞప్తికి వచ్చెను. తన కడుపున పుట్టినదానినే విడువనిది ఇతరుల పిల్లలను విడుచునా? గంబూసియాను దోమలకై ఎన్నో దేశములలో వదలిరనియు, ఆస్ట్రేలియాలో అది స్థానికములైన చిరుచేపలకును కప్పపిల్లలకును శత్రువైనదనియు, నేడు లోకమునకు మిక్కిలి కీడుచేసిన వలస జీవుల జాబితాలో దాని పేరున్నదనియు ఉపాధ్యాయుడు చెప్పియుండెను. ఆనాడది ఏదో దూరదేశపు మాటగా తోచినది.

“ఇంత చెరువులో ఇన్ని చేపలే గదా” అని మెల్లగా అనెను.

“నీ యింట ఎన్నింటితో మొదలుపెట్టితివి?”

“ఐదు.”

వృద్ధుడు మరల డబ్బావైపు చూచెను. ఏమియు అనక వల సవరించుకొనసాగెను. బాలుడు కట్టమీద కొంతసేపు నిలిచి, మూత బిగించి ఇంటిదారి పట్టెను.

డబ్బాతో తిరిగివచ్చిన మనుమని చూచి తాత కారణ మడుగలేదు. ఆ సాయంకాలము ఇద్దరును కూర్చుండి చేపలను ఏరసాగిరి. నెలనాటి పిల్లలలో మగదానికి కడుపు క్రింది రెక్క సన్నని పుల్లవలె మారును. ఆడదానికి విసనకఱ్ఱవలెనే యుండును. ఆ గుర్తునుబట్టి మగవానిని తొట్టిలోను, ఆడవానిని పెరటి గోలెములోను వేరుచేసిరి. ఇప్పటికే గర్భముతోనున్నవాని సంగతి ఎట్లును తప్పదు. బడిలో అడిగినవారికి ఒక్కొక్కరికి ఐదేసి చేపలు, చెరువులోగాని కాలువలోగాని వదలనని మాట యిచ్చినమీదట, ఇచ్చుటకు నిశ్చయించిరి. ఇంత ముచ్చటపడి పెంచినవానిని పంచిపెట్టుట బాలునికి కష్టముగనే యుండెను. కాని మసకబారిన నీటిలో నోళ్లు తెరచుచున్న చేపలను ప్రతి ఉదయము చూచుట అంతకంటె కష్టము.

మొదట వచ్చినది పొరుగు వీధి బాలిక. స్టీలు గిన్నె పట్టుకొని గడపలో నిలిచెను. ఇంట తొట్టి సిద్ధముగా నున్నదనియు, నిన్ననే తెచ్చినదనియు, అడుగున రంగురాళ్లు కూడ పరచితిననియు ఒక్క ఊపిరిలో చెప్పెను. బాలుడు వలగుడ్డ నందుకొనెను.

తాత కూర్చున్నచోటనే శరీరమంతయు మెల్లగా ఆమెవైపు తిప్పుకొనెను.

“నీళ్లెప్పుడు నింపితివమ్మా?”

“ఈ ఉదయమే, తాతా. ఎంత తేటగ ఉన్నవో!”

ఆయన చేయి చాపి, తొట్టిప్రక్కనున్న ముంతను దగ్గరకు జరుపుకొని, అందలి చింతగింజలను ఆ పిల్ల గిన్నెలో ఒక్కొక్కటిగా లెక్కపెట్టి వేయసాగెను.